సీమ పల్లెలో బోధకుడి నలభై ఏళ్ళు

నంద్యాల, కడప వైపు పాత చర్చిల బీరువాల్లో బాప్తిస్మాల రిజిస్టరు అని ఒకటి ఉంటుంది. అట్ట వదులైపోయి, అంచులు చెదలు కొట్టి, సిరా మట్టిరంగుకు తిరిగి ఉంటుంది. పేజీ నిండా గళ్ళు. తేదీ, బిడ్డ పేరు, అమ్మానాన్నల పేర్లు, ఊరు, చేసే పని, చివరి గడిలో బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారి సంతకం. బాగా పాత పేజీల్లో ఆ సంతకం ఎక్కువగా దొరదే. ఆయన గుర్రం మీదో ఎద్దుల బండి మీదో ఎప్పుడో ఒకసారి వచ్చి, ఒక్క రోజులో ఎంతోమందికి బాప్తిస్మం ఇచ్చి, ఇంకో ఊరికి వెళ్ళిపోయేవాడు. ఆ మనుషుల్ని ఆ రోజు దాకా నడిపించుకొచ్చినవాడు, వాళ్ళకు ప్రభువు ప్రార్థన కంఠతా పట్టించినవాడు, దొర వెళ్ళాక ఊరి పెద్దల కోపం కాచుకున్నవాడు ఊళ్ళోనే ఉండేవాడు. అతన్ని ఉపదేశి అనేవారు. రిజిస్టరులో అతనికి గడి లేదు.

రాయలసీమలో దీర్ఘకాలం సేవ చేసిన ఏ బోధకుడి జీవితం అర్థం కావాలన్నా ఈ ఉపదేశి దగ్గర మొదలుపెట్టాలి. ఈనాడు ఊళ్ళో పాస్టర్‌గారు అనిపించుకునే మనిషి పని, రాబడి, మర్యాద, కష్టం అన్నీ ఆ పాత ఉద్యోగం అచ్చులో పోసినవే. ఒకప్పుడు ఆ ఒక్క ఉద్యోగంలో అయిదారు పనులు కలిసి ఉండేవి. నూరేళ్ళలో ఒక్కొక్కటీ చేజారింది. ఏవి పోయాయో, ఏది మిగిలిందో చూస్తే తప్ప, నలభై ఏళ్ళు ఒకే ఊరిని పట్టుకుని ఉన్న బోధకుడి సేవ ఏమిటో చెప్పలేం. అతని ప్రసంగాలు విని చెప్పగలిగింది అందులో కొంతే.

సీమకు క్రైస్తవం వచ్చిన దారులు చాలా ఉన్నాయి. 18వ శతాబ్దం తొలినాళ్ళలోనే ఫ్రెంచి జెస్యూట్లు, అంటే కాథలిక్ సన్యాసులు, ఈ ప్రాంతంలో తిరిగారు. కొన్ని రెడ్డి కుటుంబాలు వాళ్ళ మాట విన్నాయి, తర్వాత వాళ్ళలో చాలామంది గుంటూరు వైపు వలస పోయారు. ప్రొటెస్టెంటు సేవ స్థిరంగా నాటుకున్నది 1822లో, లండన్ మిషను తరఫున విలియం హోవెల్ కడపలో కుదురుకున్నాక. ఆయన తర్వాత ఎడ్వర్డ్ పోర్టర్ వచ్చాడు. 1850ల్లో ఎస్పీజీ అనే ఆంగ్లికన్ మిషను నంద్యాల సీమలోకి దిగింది. ఆళ్ళగడ్డ దగ్గరి ముత్యాలపాడులో జాన్ క్లే దశాబ్దాల పాటు ఉండిపోయాడు. కలసపాడులో ఆర్థర్ ఇన్మన్ ఉన్నాడు. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు బడి కట్టారు, కోల్స్ పేరు మీద ఆ బడి పట్నంలో ఇప్పటికీ గుర్తే. గుత్తి, అనంతపురం, జమ్మలమడుగు లండన్ మిషను చేతిలో ఉండేవి. జమ్మలమడుగులో డాక్టర్ క్యాంబెల్ 1890ల్లో మొదలుపెట్టిన ఆసుపత్రి ఆయన పేరుతోనే నిలిచింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి వైద్యుడిగా తొలినాళ్ళలో పనిచేసింది అక్కడే.

ఈ పేర్లన్నీ చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. కానీ లెక్క వేసి చూడండి. ఒక్క దొర చేతి కింద డజన్ల కొద్దీ ఊళ్ళు. రోడ్లు లేవు, వానాకాలంలో కుందూ ఏరు దాటడమే పెద్ద పని. అతని తెలుగు ఊరివాళ్ళకు సగమే అర్థమయ్యేది, ఊరివాళ్ళ తెలుగు అతనికి అంతకన్నా తక్కువ. మరి ఆ ఊళ్ళల్లో ప్రతి ఆదివారం ఆరాధన జరిపిందెవరు? ప్రతి రాత్రి ప్రార్థన పెట్టిందెవరు? ఉపదేశే. నెలకొకసారి అతను మిషను కాంపౌండుకు నడిచి వెళ్ళేవాడు. అక్కడ నెలవారీ మీటింగు ఉండేది. చేతికి జీతం, నెత్తికి పాఠం. వచ్చే నెలంతా ఏ వాక్యం చెప్పాలో అక్కడ నేర్చుకుని, తిరిగి ఊరికి నడిచేవాడు.

ఊళ్ళో అతని మొదటి పని బడి. ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. మాలపల్లె పిల్లలను ఊరిబడిలోకి అడుగుపెట్టనివ్వని కాలం అది. ఉపదేశి మట్టి మిద్దె కిందో, వేపచెట్టు కిందో పిల్లల్ని కూర్చోబెట్టి ఇసుకలో అ, ఆలు దిద్దించేవాడు. పగలు గొడ్లు కాచే పిల్లలకు రాత్రి బుడ్డిదీపం దగ్గర చదువు. ఆ ఊరి చరిత్రలో ఆ వాడలోంచి అక్షరం ముక్క వచ్చిన మొదటి తరం అదే. బైబిలు చదవడం కోసం నేర్పిన చదువే తర్వాత ప్రాంసరీ నోటు చదవడానికి పనికొచ్చింది. అప్పు ఎంత, వడ్డీ ఎంత, వేలిముద్ర దేని మీద వేయమంటున్నారు అని అడగగలిగిన మనిషి వాడలోకి రావడం ఊరికి కొత్త. కొన్నిచోట్ల బడి పాక తగలబడిందంటే ఆశ్చర్యం ఏముంది? అక్కడ పాటలు పాడుకుంటున్నారని ఎవరికీ అంత కోపం లేదు. కాగితం చదవడం నేర్చుకుంటున్నారన్నదే కోపం.

రెండో పని అర్జీలు రాయడం. తాలూకా కచేరీకి, తాసిల్దారుకు, మిషను దొరకు, పట్టాల కోసం, దారి కోసం, బావి కోసం అర్జీలు. మూడోది మందులు. మిషను ఇచ్చిన క్వినైను, టింక్చరు సీసా అతని పెట్టెలో ఉండేవి. నాలుగోది తగాదాలు తీర్చడం. అయిదోది పెళ్ళిళ్ళు, చావులు. వీటన్నిటి మధ్య ప్రసంగం. ఈ వరుస చూశాక, ఉపదేశిని ప్రసంగీకుడు అని ఒక్క మాటలో చెప్పడం ఎంత తక్కువ చేయడమో తెలుస్తుంది.

1876 నుంచి 1878 దాకా ధాత కరువు పట్టింది. సీమ ఇళ్ళల్లో ఆ పేరు తాతల నోటి నుంచి మనవళ్ళ దాకా వచ్చింది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. అంత పెద్ద అంకె కంటికి ఆనదు. పదిళ్ళున్న వీధిలో రెండు మూడు ఇళ్ళు తలుపులు లేకుండా బోసిపోయాయని అనుకుంటే కొంత అందుతుంది. మిషన్లు గంజి పోశాయి, అనాథ పిల్లల్ని తెచ్చి పెంచాయి, పనులు పెట్టించాయి. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. కరువు వెనకబట్టాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆయన మిషను ప్రాంతంలోనే. అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉన్న కంభం, మార్కాపురం వైపు కూడా ఆ గాలి వీచింది.

కడుపు కోసం మతం మారారు అనే మాట ఆనాడే పుట్టింది, ఈనాటికీ వినిపిస్తుంది. ఆ మాటను పక్కకు నెట్టేయకుండా నిదానంగా చూడాలి. గంజి కోసమే వచ్చినవాళ్ళు ఉన్నారు, కరువు పోగానే వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. కానీ గంజి అయిపోయాక, వానలు పడ్డాక, మిషను చేయి బిగించాక కూడా తరతరాలు నిలబడ్డవాళ్ళ సంగతి ఆ మాట చెప్పదు. వాళ్ళు నిలబడడానికి కారణం వెతికితే మళ్ళీ ఊళ్ళో ఉండిపోయిన మనిషి దగ్గరికే వస్తాం. ఆ కరువులో ఉపదేశి కూడా ఆకలితోనే ఉన్నాడు. తన పిల్లల్నీ పూడ్చుకున్నాడు. తమలాగే పోగొట్టుకుని కూడా పొద్దున్నే ప్రార్థన చెప్పిన మనిషిని జనం మరిచిపోలేదు.

భాష దగ్గర కాస్త ఆగాలి. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడే తెలుగు మీద మనసు పడ్డాడు. పండితులను పెట్టుకుని తాళపత్రాలు రాయించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఆయన తండ్రి కలకత్తాలో క్రైస్తవ బోధకుడు. అదే ఊళ్ళో, అదే పదేళ్ళలో, హోవెల్ మిషను పని నడుస్తోంది. పల్లెజనం నోట్లో ఉన్న వేమన, తెలుగులోకి దిగుతున్న బైబిలు ఒకే ఊరి గాలి పీల్చాయన్నమాట. తర్వాతి బోధకులు వీధి ప్రసంగాల్లో వేమన పద్యం ఎత్తుకోవడం మామూలు అయింది. విగ్రహం మీద, కులం మీద, డంబాచారం మీద వేమన చెప్పినవి జనానికి ముందే తెలుసు. బోధకుడు పద్యం మొదటి పాదం అంటే చివరి పాదం జనమే పూర్తి చేసేవారు. అక్కడి నుంచి వాక్యంలోకి దిగడం తేలిక.

బైబిలు తెలుగు మాత్రం గ్రాంథికం. కోస్తా తీరాన మొదలై, పండితుల చేతుల మీదుగా నలిగి వచ్చిన తెలుగు. సీమ పల్లెలో దాన్ని అలాగే చదివితే సగం మంది మొహాలు చూసుకుంటారు. అందుకే ఇక్కడి పాత బోధకుల ప్రసంగంలో ఒక పద్ధతి కనిపిస్తుంది. ముందు వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాగయుక్తంగా చదువుతారు. తర్వాత పుస్తకం మూసి, అదే కథను ఊరి మాటల్లో మళ్ళీ చెబుతారు. తప్పిపోయిన కుమారుడు చేనమ్మిన డబ్బుతో బెంగుళూరు బస్సు ఎక్కుతాడు. పందుల పొట్టు తినబోయే చోట సంగటి ముద్ద గుర్తుకొస్తుంది. తిరిగి వచ్చేవాడిని తండ్రి ఊరి బయట రచ్చబండ మీద కూర్చుని ఎదురు చూస్తుంటాడు. యూదయ దేశం కాస్తా పత్తికొండ పక్కకు వచ్చేస్తుంది.

ఏ కథలు ఎక్కువగా ఎంచుకుంటారో చూస్తే నేల సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. శనక్కాయ చేను ఊడ దిగే వేళకు మబ్బు ముఖం చాటేస్తే రైతు పని అయిపోయినట్టే. ఆ నేల మీద, బైబిలులో ఏలీయా ప్రవక్త కాలంలో మూడున్నరేళ్ళు వాన లేకపోవడం పాత కథలా వినిపించదు. సారెపతు ఊరి విధవరాలు తొట్టిలో చివరి పిడికెడు పిండి చూసుకుని, ఇది తిని చచ్చిపోతాం అన్న చోటికి రాగానే ఆడవాళ్ళ వరసలో కొంగులు కళ్ళకు వెళతాయి. అంతలో ఏలీయా ముందు నాకొక రొట్టె చేసిపెట్టు అంటాడు. ఇక్కడ మంచి బోధకుడు, మామూలు బోధకుడు తేలిపోతారు. మామూలు బోధకుడు ఆ మాటను కానుకల పెట్టె వైపు తిప్పుతాడు. నలభై ఏళ్ళు ఊరి ఆకలి చూసినవాడు అలా తిప్పడు. దేవుడు ప్రవక్తను పంపింది ధనవంతుల ఇంటికి కాదు, ఏమీ లేని ఆమె ఇంటికి. ఆమె పెట్టింది తినే దాకా ప్రవక్త కూడా ఆకలిగలవాడే అని చెబుతాడు. ఆ తేడా వినేవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది.

ఇంత చెప్పి బోధకుడి ఇంటామె గురించి చెప్పకపోతే సగం కథ ఎగిరిపోతుంది. మిషను కాలంలో బైబిలు స్త్రీ అనే ఉద్యోగం ఉండేది. మగవాళ్ళు అడుగుపెట్టలేని వంటిళ్ళలోకి, పెరళ్ళలోకి వెళ్ళి ఆడవాళ్ళకు చదువు, వాక్యం చెప్పేవాళ్ళు. ఉపదేశి భార్య చాలాచోట్ల జీతం లేకుండానే ఆ పని చేసింది. ఇప్పటి పాస్టరమ్మ కూడా అంతే. కాన్పుకు ఆటోలో తోడు వెళ్ళేది ఆమె. తాగొచ్చి కొట్టిన మొగుడి మీద ఫిర్యాదు ముందు వినేది ఆమె. వేళ కాని వేళ పదిమంది ఇంటికొస్తే ఉన్న బియ్యంలోనే అందరికీ సరిపెట్టేది ఆమె. పిడికెడు బియ్యం అనే ఆచారం నిలబడింది కూడా ఆడవాళ్ళ చేతుల్లోనే. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. దోర్నకల్ బిషప్పు అజరయ్య తన సంఘాల్లో బాగా ప్రోత్సహించిన పద్ధతి అది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయిన ఆయన చేతి కిందికే తర్వాత నంద్యాల సీమ ఎస్పీజీ సంఘాలు వచ్చాయి. పేదలు ఇచ్చే పిడికెడు మీద సంఘం నిలబడితేనే అది వాళ్ళ సంఘం అవుతుందని ఆయన పట్టు.

కోతపండుగ నాడు ఇది కళ్ళారా కనిపిస్తుంది. పంట ఇంటికి చేరాక ఒక ఆదివారం చర్చి నాపరాళ్ళ నేల మీద అన్నీ కుప్ప పోస్తారు. జొన్నలు, శనక్కాయలు, కొర్రలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజు, తువ్వాలు మూటలో కోడిగుడ్లు. ఆరాధన అయ్యాక వేలం పాట. ఒక ముసలామె తెచ్చిన సొరకాయను యాభైకి పాడినవాడు డబ్బు కట్టి, కాయను మళ్ళీ బల్ల మీద పెట్టేస్తాడు. ఇంకొకడు అరవైకి పాడి మళ్ళీ పెట్టేస్తాడు. కాయ నాలుగైదు చేతులు మారి చివరికి బోధకుడి ఇంటికే చేరుతుంది. పాట పాడించే పెద్ద గొంతు బొంగురుపోతుంది, పిల్లలు కోడిపుంజు చుట్టూ మూగుతారు. ఆ పూట వచ్చిన సొమ్ముతోనే ఎన్నో ఊళ్ళ గుడులకు రేకులు పడ్డాయి, సున్నం పడింది.

ఇక చేజారినవాటి సంగతి. స్వతంత్రం వచ్చాక బడులు మెల్లగా సర్కారు చేతికి వెళ్ళాయి. ఉపదేశి ఒక్కడే మోసిన రెండు పనులు రెండుగా చీలిపోయాయి. చదువు చెప్పేవాడు టీచరై సర్కారు జీతంలోకి వెళ్ళాడు, వాక్యం చెప్పేవాడు చందాల మీద మిగిలాడు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఇలా విడిపోయిన కుటుంబాలు నంద్యాల, జమ్మలమడుగు వైపు చాలా కనిపిస్తాయి. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి ఒకరికి సొంత ఇల్లు, పెన్షను. ఇంకొకరు రిటైరయ్యే నాటికి మిషను క్వార్టరు ఖాళీ చేసి అద్దె ఇల్లు వెతుక్కోవాలి. మందుల పెట్టె ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయింది, అర్జీల పని మీసేవకు, తర్వాత సచివాలయానికి పోయింది. ఇవన్నీ మంచికే పోయాయి. పేదవాడికి బడి, మందు ఒకరి దయ మీద కాక హక్కుగా రావాల్సినవే. కానీ బోధకుడికి ఊళ్ళో ఉన్న బరువు వీటితోపాటు తగ్గింది. ఆ లోటు పూడ్చుకోవడానికి కొందరు దారి తప్పారు. జబ్బుపడ్డవాళ్ళను మందులు మానమని, ప్రార్థన ఒక్కటే చాలని చెప్పేవాళ్ళు ఉన్నారు. అది పాపం. ఈ నేల మీద సేవను నిలబెట్టిన మిషన్లు ప్రార్థనతోపాటు జమ్మలమడుగులో ఆపరేషన్ థియేటరు కట్టాయని వాళ్ళకు ఎవరైనా గుర్తుచేయాలి.

పై స్థాయిలో సంఘాల మధ్య పెద్ద పెద్ద మార్పులు జరిగాయి. లండన్ మిషను సంఘాలు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలో కలిశాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ., అంటే దక్షిణ భారత సంఘం, ఏర్పడింది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో పెద్ద భాగం అప్పుడు అందులో చేరకుండా వేరుగా నిలిచింది, చాలా ఏళ్ళ తర్వాతే కలిసింది. అధికారాల మీద, ఆస్తుల మీద కోర్టు కేసులు తరాలు దాటాయి. ఊళ్ళో బోధకుడికి వీటిలో పాత్ర ఏమీ లేదు. జీతం మాత్రం ఏ ఏడాది ఏ గుమ్మం ముందు నిలబడి తీసుకోవాలో తెలిసేది కాదు.

ఇంకో గీత లోపలిది. లండన్ మిషను, ఎస్పీజీ సంఘాల్లో మాలలు ఎక్కువ, బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ. ఒకే ఊళ్ళో రెండు వాడలు, రెండు గుడులు, రెండు శ్మశానాలు. ఒకే బైబిలు. నలభై ఏళ్ళు సేవ చేసి కూడా పక్కవాడ ఇంట్లో అన్నం తినని బోధకులు ఉన్నారు. తిన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను సొంతవాళ్ళే దూరం పెట్టారు. సీమలో క్రైస్తవ సేవ గురించి రాసే మనిషి ఈ ఓటమిని దాచకూడదు.

చట్టం తెచ్చిన చిక్కు వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా దక్కింది, క్రైస్తవులకు దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళను బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషనులో పెట్టారు. ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. దీనికి బాప్తిస్మాల రిజిస్టరుతో సూటిగా సంబంధం ఉంది. పాత కాలంలో ఆ పుస్తకంలో పేరు ఎక్కడం గౌరవం. ఇప్పుడు అదే పుస్తకం బిడ్డ స్కాలర్‌షిప్‌కు, ఉద్యోగానికి అడ్డం. అందుకే ప్రతి ఆదివారం వచ్చి, కానుక వేసి, కన్నీళ్ళతో ప్రార్థించి, పేరు మాత్రం రాయవద్దు అయ్యగారూ అనేవాళ్ళు ఎందరో. 2011 జనాభా లెక్కలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. సీమ పల్లెల్లో ఆదివారం పొద్దున తిరిగిన ఎవరికైనా ఆ అంకెకూ కళ్ళముందు కనిపించేదానికీ పొంతన కుదరదు. నలభై ఏళ్ళ సేవ అంతా ఇలా కాగితం మీద కనపడకుండా పోయిన బోధకుడు దేన్ని చూపించి ఇది నా పని అనగలడు?

పెళ్ళిళ్ళ రిజిస్టరు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం గుడిలో పెళ్ళి బిషప్పు అభిషేకించిన అయ్యగారో, లైసెన్సు ఉన్న బోధకుడో చేయాలి. ప్రత్యేక అనుమతి లేకుంటే ఉదయం 6 గంటల నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి. ముందుగా ఆరాధనలో ప్రకటన చదువుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. ఆ ప్రకటన చదివేటప్పుడు సంఘం అంతా ఊపిరి బిగపట్టే ఒక క్షణం ఉంటుంది. వయసు చాలని పిల్ల అయితే ప్రకటన చదవనని ఎదురు తిరిగిన బోధకులు తల్లిదండ్రుల తిట్లు చాలా తిన్నారు. చట్టం వాళ్ళ చేతికిచ్చిన అధికారాల్లో అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది బహుశా ఇదే.

గత ముప్పై నలభై ఏళ్ళలో స్వతంత్ర సంఘాలు పెరిగాయి. మిషను జీతం లేదు, బదిలీ లేదు, పైన బిషప్పు లేడు. బోధకుడు తన సెంటు స్థలంలో రేకుల షెడ్డు వేసి మొదలుపెడతాడు. ఒకే ఊళ్ళో నలభై ఏళ్ళు ఉండడం మిషను సంఘాల్లో బదిలీల వల్ల అరుదైపోయింది. ఇప్పుడు అది ఎక్కువగా ఈ స్వతంత్ర బోధకుల్లోనే కనిపిస్తుంది, అంటే పాత ఉపదేశి జీవితం చుట్టూ తిరిగి వీళ్ళ దగ్గరికే చేరింది. అయితే ఉపదేశికి లెక్క అడిగే నెలవారీ మీటింగు ఉండేది, వీళ్ళకు అదీ లేదు. స్థలం పాస్టరు పేరు మీద ఉంటే ఆయన తర్వాత కొడుకే పాస్టరు. కొడుకుకు ఆ పిలుపు ఉందా అని సంఘం అడగలేదు, అడిగితే కూర్చోవడానికి చాప ఉండదు. రాష్ట్ర ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పథకం తెచ్చినప్పుడు చాలామంది పేద బోధకులకు అది నిజంగా ఆసరా అయింది. కరోనా నెలల్లో గుడి తలుపులు మూసి ఉన్నప్పుడు చాలా ఇళ్ళల్లో కానుకల పెట్టెతోపాటు పొయ్యి కూడా ఆరిపోయింది మరి.

అప్పుడే ఫోను గుడి అయింది. పెద్ద ఊళ్ళ ప్రసంగీకులు యూట్యూబులో వస్తున్నారు. మంచి మాటకారులు, మంచి సంగీతం, మంచి లైట్లు. ఊరి బోధకుడు అదే వాక్యం చెబితే, అయ్యగారూ ఫలానా ఆయన దీన్ని ఇంకో రకంగా చెప్పాడే అని పిల్లలు అడుగుతున్నారు. పోటీ ప్రసంగంలోనే అయితే ఊరి బోధకుడు ఓడిపోయినట్టే. బడి పోయి, మందు పోయి, అర్జీ పోయి, ఆఖరికి ప్రసంగం కూడా చేతుల్లోంచి జారింది.

మిగిలింది చావు. ఫోనులో ప్రసంగం వినొచ్చు, కానీ శవం పక్కన కూర్చోవడానికి ఫోనులోంచి ఎవరూ దిగి రారు. చాలా పల్లెల్లో క్రైస్తవులకు సమాధుల స్థలం అని వేరే ఉండదు. వంక గట్టునో, గుట్ట వాలులోనో పూడుస్తారు. అక్కడికి పోయే దారి ఎవరో చేనులోంచి పోతుంది, ఆ చేను యజమాని ఆ రోజు ఏ మూడ్‌లో ఉన్నాడన్నది టెన్షన్. కబురు అందగానే బోధకుడు ముందు చచ్చిన ఇంటికి పోడు. ఆ చేనాయన దగ్గరికి పోతాడు. నలభై ఏళ్ళుగా ఆయన ఇంటి మంచికీ చెడ్డకూ పలకరించిన చనువు ఆ ఒక్క పూట పనికొస్తుంది. పెద్దాయనా, మధ్యాహ్నం మావాళ్ళు ఒకరిని తీసుకొస్తారు అంటాడు. ఆయన తల ఊపితే దారి దొరికినట్టు. తర్వాత గుంత తవ్వే కుర్రాళ్ళను లేపాలి, పెట్టె చేసే వడ్రంగికి కొలత చెప్పాలి, ఏడుస్తున్న ఆడవాళ్ళకు టీ పెట్టించాలి. ప్రసంగం వీటన్నిటి తర్వాత, పది నిమిషాలు.

పాత కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఆడవాళ్ళు, మగవాళ్ళు వేలమంది కువైటు పోయారు. అమ్మ చనిపోతే కొడుకు రాలేడు. అక్కడి సేటు, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, పాస్‌పోర్టు ఇవ్వడు, ఇచ్చినా టికెట్టుకు డబ్బుండదు. అందుకని గుంత దగ్గర ఇప్పుడు ఒక కొత్త పని బోధకుడి మీద పడింది. వాక్యం చదివి, పాట పాడించి, మంటి నుండి తీయబడితివి అనే మాటకు వచ్చేసరికి ఆగుతాడు. కుడిచేతిలో పిడికెడు మన్ను ఉంటుంది. ఎడమచేతిలో ఎవరో ఫోను పెడతారు. వంక గట్టున సిగ్నలు సరిగ్గా అందదు, తెర మీద గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఎండ మాడుతుంటుంది, పెట్టె మోసిన కుర్రాళ్ళు భుజాలు రుద్దుకుంటుంటారు, చేనాయన దూరంగా గట్టు మీద నిలబడి చూస్తుంటాడు. ఎవరో ఇక కానివ్వండి అంటారు. బోధకుడు తల అడ్డంగా ఊపి, ఫోనును ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకుంటాడు. అవతల కొడుకు ముఖం కనిపించే దాకా ఆ మన్ను గుంతలో వేయడు.